పక్క గదిలో నలుగురు

"మా పిల్లికి పెళ్లయిందో లేదో చెప్తే కానీ మీ వెబ్‌సైట్ ముందుకు కదలనంటోంది. ఏం చెప్పమంటారు?"

ఫోన్‌లో వినిపించిన మొదటి మాట అది. హలో లేదు, నమస్తే లేదు. అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఎవరండీ మాట్లాడేది?"

"జంతువుల డాక్టర్ని. మీరు మా క్లినిక్‌కి చేసిపెట్టారే, దాని ముందు ముప్పావుగంట నుంచి కూర్చున్నాను. బల్ల మీద పిల్లి ఉంది, పేరు దొరసాని. వయసు అడిగింది, చెప్పాను. బరువు అడిగింది, చెప్పాను. తర్వాత వైవాహిక స్థితి అని అడిగి పక్కన ఎర్ర చుక్క పెట్టింది."

అతను నాలుక కరుచుకున్నాడు. మనుషుల ఆసుపత్రి కోసం చేసిన పాత ఫారాన్నే దులిపి, పైన కుక్కబొమ్మ ఒకటి అతికించి పంపాడు. ఆ ప్రశ్న తీసేయడం మరిచిపోయాడు.

"ప్రస్తుతానికి ఏదో ఒకటి నొక్కేయండి మేడమ్."

"నొక్కాను. వితంతువు అని నొక్కాను. భర్త పోయిన తేదీ చెప్పమంటోంది."

అతను నవ్వు ఆపుకోవాలనే చూశాడు. ఆగలేదు.

"నవ్వండి. దొరసాని మాత్రం నవ్వట్లేదు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

వెబ్ అప్లికేషన్‌లో ఏ బటన్ ఎక్కడుండాలి, దాని మీద ఏ మాట రాయాలి, మనిషి తడబడకుండా పని ఎలా ముగించుకోవాలి అని ఆలోచించడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ అతన్ని మౌనస్వామి అంటారు. దానికి కారణం అతను నడిపే పరీక్షలు. కొత్తగా చేసిన అప్లికేషన్‌ను వాడబోయే మనిషినే పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెడతాడు. ఆ మనిషి పని చేస్తూ మనసులో ఏమనుకుంటే అది పైకి అనాలి. మౌనస్వామి కాస్త వెనకగా కూర్చుని రాసుకుంటాడు. ఎదుటివాళ్లు ఎంత తికమకపడినా నోరు విప్పి సాయం చేయడు. ఎవరైనా "ఇది నొక్కాలా?" అని అడిగితే అతను అనదగిన మాట ఒక్కటే: "మీరైతే ఏం చేస్తారు?"

ఈ మాటకు ఇప్పటికి ఇద్దరు అతని మీదికి కాగితాలు విసిరారు. ఒకరు ఏడ్చారు.

బుధవారం పొద్దున డాక్టరమ్మ పరీక్షకు వచ్చింది. ఆమెతోపాటు వానా వచ్చింది. గొడుగును తలుపు దగ్గర రెండుసార్లు విదిలించింది. మూడోసారి విదిలించినప్పుడు ఆ చినుకులన్నీ అతని చొక్కా మీద పడ్డాయి.

"పిల్లి పెళ్లి చేయించింది మీరేనా?"

"నేనేనండి. తీసేశాను, ఆ ప్రశ్న."

"తొందరపడ్డారు. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాం."

ఆమెను కూర్చోబెట్టి అతను పద్ధతి వివరించాడు. "మనసులో ఏమొస్తే అది పైకి అనండి. ఏదైనా తెలియకపోతే తప్పు మాది, మీది కాదు. నేను మాత్రం సాయం చేయను."

"అదేం పంతం?"

"రేపు క్లినిక్‌లో మీ పక్కన నేనుండను కదండీ."

అనేశాక ఆ మాట అతనికే ఎందుకో నచ్చలేదు.

మొదటి పని, ఒక కొత్త కుక్క పేరు నమోదు చేయడం.

"సరే. ఈ మూలన మూడు గీతలున్నాయి. ఎవరో ఏదో లెక్కపెడుతూ మధ్యలో లేచి వెళ్లినట్టున్నారు. ఇది నొక్కాలా?"

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనైతే కంప్యూటర్ కట్టేసి మా అమ్మమ్మని పిలుస్తాను." నొక్కింది. "ఓహో, మెనూ దీని వెనక దాక్కుందా! అది బయటే ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారా? సరే, పేరు రాశాను. ఇప్పుడు 'సమర్పించు' అంటోంది. దేన్నండీ సమర్పించేది, కుక్కనా?"

అతను పెదవి కొరుక్కుంటూ రాసుకున్నాడు.

"'ఏదో తప్పు జరిగింది' అంటోంది ఇప్పుడు. ఏం తప్పు? ఎవరు చేశారు? మా అమ్మమ్మా ఇలాగే అంటుంది కానీ, ఆవిడకి కనీసం ఎవరు చేశారో తెలుసు."

నలభై నిమిషాల్లో ఏడు తప్పులు తేలాయి. ఇంతకుముందు ఏడు తప్పులు బయటపడితే అతనికి రెండు రోజులు అన్నం సహించేది కాదు. ఇవాళ ఎనిమిదోది ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నాడు. ఆమె కనుబొమ్మలు పైకి లేస్తే తప్పు దొరికినట్టు. ఒక్కటే లేస్తే పెద్ద తప్పు దొరికినట్టు.

ఆరో పని కాగితం మీద ఇలా ఉంది: 'మీ దగ్గరికి వచ్చే ఒక కుక్క చనిపోయింది. ఆ సంగతి నమోదు చేయండి.' ఫోన్ నంబరు మార్చడానికీ రసీదు అచ్చు వేయడానికీ మధ్య దాన్ని అతనే రాశాడు, మిగతా పనులు రాసినంత మామూలుగా.

ఆమె చదివింది. గలగలా సాగుతున్న మాట ఆగిపోయింది. ఆ పేజీ అంతా వెతికితే దొరికిన బటన్ ఒక్కటే, 'తొలగించు'. నొక్కింది. తెర మధ్యలో ఎర్రటి గళ్లో ప్రశ్న వచ్చింది: 'నిజంగా తొలగించాలా? ఈ పనిని వెనక్కి తీసుకోలేరు.'

వాన అద్దం మీద పడే చప్పుడు వినిపించింది.

"పోయిన నెల ఒకాయన వచ్చారు," అంది ఆమె. "పదమూడేళ్ల కుక్క. అది పోయిన మర్నాడు వచ్చి మిగిలిన మందులు ఇచ్చి వెళ్లారు, ఎవరికైనా పనికొస్తాయని. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా ఈ ప్రశ్న తెర మీదికొచ్చి ఉంటే..."

చేయి కీబోర్డు మీది నుంచి తీసేసింది.

"మనసులో ఉన్నది పైకి అనమన్నారు. అనడానికేమీ లేదు. ఇది నేను నొక్కను."

అప్పుడు అతను అనవలసిన మాట ఒకటుంది. అనలేదు. కలం మూత పెట్టి పక్కన పెట్టాడు.

ఆమే వెనక్కి తిరిగింది. "మీరైతే ఏం చేస్తారని అడగరా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"బతికించారు." ఆమె ముఖం కొంచెం తేటపడింది. "అయితే రూలు ప్రకారం మనసులో ఇంకా ఏముందో అదీ చెప్పేస్తాను. ఫోన్‌లో ఆ నవ్వు విని, ఈయనెవరో ఒట్టి పొగరుమోతు అనుకున్నాను. పోట్లాటకి పదునుపెట్టుకుని వచ్చాను. తీరా చూస్తే కళ్లు బాగున్నాయి. ఎదుటివాళ్లు చెప్పేది ఆఖరిదాకా వినే కళ్లు."

"అబ్బో!" అంది గోడ.

ఆ వెంటనే గోడ ముగ్గురి గొంతులతో నవ్వింది. ఒకరు "ష్" అన్నారు. అది మరింత గట్టిగా వినిపించింది.

అబ్బో అన్నది రేడియో. ఆఫీసులో అతని పక్క కుర్చీలో కూర్చుని కోడు రాసే మిత్రుడు. విన్నది కడుపులో దాచుకోలేడు కనుక ఆ పేరు. పలచటి చెక్క గోడకు అవతల రేడియో, బాసు, మరో ఇద్దరు కూర్చుని పరీక్ష మొత్తం స్పీకర్లో వింటున్నారు. ప్రతి పరీక్షకూ అలాగే వింటారు, రికార్డు కూడా చేసుకుంటారు.

ఆమె చాలా నెమ్మదిగా అడిగింది. "అవతల ఎవరు?"

"మా వాళ్లు... నలుగురు. వింటారండి. మీరు ఒప్పుకున్నారు కదా, మొదటి పేజీలో..."

"ఎక్కడ?"

అతను మొదటి పేజీ తెరిచి చూపించాడు. పైన పెద్ద అక్షరాల్లో ధన్యవాదాలు. అట్టడుగున, చీమలు బారు కట్టినట్టు, లేత బూడిదరంగులో ఒక వాక్యం: సంస్థ సభ్యులు ఈ సంభాషణను వినడానికి అంగీకరిస్తున్నాను. పక్కన చిన్న గడి, గడిలో టిక్కు.

"ఈ టిక్కు నేను పెట్టలేదు."

"ముందే... పెట్టి ఉంటుంది."

"ఎవరు పెట్టారు?"

"నేనే." ఎదుటివాళ్లకు ముందే చెబితే బిగుసుకుపోతారని, రెండేళ్ల కిందట తనే అలా పెట్టాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నడుపుకుంటూ వచ్చాడు. ఇవాళ్టిదాకా ఎవరూ చూడలేదు.

ఆమె లేచి గొడుగు తీసుకుంది. "మా దగ్గరికి కరిచే కుక్కలు వస్తాయి. అవి కూడా ముందు ఒకసారి గుర్రుమంటాయి. ఆపాటి మర్యాద వాటికుంది."

గొడుగు తెరవకుండానే వానలోకి వెళ్లిపోయింది.

బాసు మాత్రం చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "అద్భుతం! ఇలాంటి రికార్డింగ్ మళ్లీ దొరకదు. వచ్చే నెల కొత్త క్లయింట్లకి ఇదే వినిపిద్దాం. ఆ చివరి ముక్కతో సహా. జనం పడిపడి నవ్వుతారు."

"తీసేశాను సార్."

"ఏది?"

"రికార్డింగ్. నిజంగా తొలగించాలా అని అడిగింది. అవునన్నాను."

బాసు చేతులు రుద్దుకోవడం ఆపాడు. "నీకు మతి గానీ పోయిందా?"

"అది ఆవిడ నాతో అన్న మాట సార్. మన సరుకు కాదు."

రేడియో మధ్యాహ్నమంతా అతని చుట్టూ తిరిగాడు. "సారీరా. నోరు జారింది. అయినా కళ్లు బాగున్నాయంటే ఎవడికైనా వస్తుందిరా అబ్బో అని. రోజూ చూస్తున్నాం, మాకెప్పుడూ కనపళ్ళేదు మరి."

"తప్పు నీది కాదులే. వాడేవాడు తడబడితే తప్పు దాన్ని తయారుచేసినవాడిది."

సాయంత్రం క్లినిక్‌కి ఫోన్ చేశాడు. ముసలి గొంతు, కంచులా ఉంది. డాక్టరమ్మ వాళ్ల అమ్మమ్మ. కౌంటర్లో కూర్చుని కార్డులు రాసేది ఆవిడే.

"డాక్టరు గారున్నారాండీ?"

"ఉంది."

"ఒకసారి ఇస్తారా?"

"నీకు లేదు."

మరో రెండు రోజులు చేశాడు. రెండో రోజు అమ్మమ్మ గొంతు గుర్తుపట్టి, "నువ్వేనా? ఇంకా లేదు," అని తనే పెట్టేసింది.

ఆ రెండు రోజులూ అతను కుడితిలో పడ్డ ఎలుకలా తన్నుకున్నాడు. క్లినిక్ వాళ్లు అప్లికేషన్ వద్దంటే మరొకటి చేసుకోవచ్చు. ఆమె ఇక తన ఎదుట మనసులో మాట పైకి అనదేమో అన్నదే అతని భయం. చుట్టూ ఎవరు వింటున్నారో గోడల వైపు చూసుకుని మాట్లాడుతుందేమో. ఒక మనిషికి ఆ అలవాటు తను నేర్పాడేమో.

మొదటి పేజీ మార్చాడు. పైన పెద్ద అక్షరాలతో రాశాడు: 'పక్క గదిలో నలుగురు వింటుంటారు. మీకు ఇష్టమేనా?' కింద ఒకే కొలతలో రెండు బటన్లు, ఇష్టమే, ఇష్టం లేదు. దేని మీదా ముందస్తు టిక్కు లేదు. బాసు గొణిగాడు. "అందరూ ఇష్టం లేదనే నొక్కుతారు."

"నొక్కనివ్వండి సార్. బటన్ అందుకేగా."

చనిపోయిన కుక్క సంగతి మాత్రం తేలలేదు. ఒక్క బటన్ మీద రాయడానికి ఒక్క మాట దొరకలేదు. పదకొండు మాటలు రాసి పదకొండూ కొట్టేశాడు. కొన్ని మరీ పొడిగా ఉన్నాయి, కొన్ని ఏడుస్తున్నట్టు నటిస్తున్నాయి. శనివారం పొద్దున లేచి నేరుగా క్లినిక్‌కి వెళ్లాడు.

క్లినిక్ కిటకిటలాడుతోంది. బెంచీల మీద మనుషులు, మనుషుల మీద జంతువులు. కౌంటర్ వెనక అమ్మమ్మ కళ్లద్దాల మీదుగా చూసింది.

"నీకు లేదని చెప్పానా?"

"మీకోసమే వచ్చానండి. ఒక జంతువు పోతే కార్డు మీద ఏమని రాస్తారు?"

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, చేతిలో పని ఆపింది. "ఏమీ రాయం. తేదీ వేస్తాం. కార్డు తీసి పై అరలో పెడతాం. టీకా వేయించండి అని ఆ ఇంటికి ఇక ఉత్తరం పంపం. అంతే."

"పారేయరా?"

"ఎందుకు పారేస్తాం? ఎప్పుడో ఆ మనిషే వస్తాడు, ఫలానా ఏడు దాని బరువెంత అని అడుగుతాడు. ఏం చేసుకుంటాడు? ఏమీ చేసుకోడు. అడుగుతాడు. చెప్పాలి."

అతను జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. తేదీ. పై అర. ఉత్తరాలు బంద్. అడిగితే చెప్పాలి. ప్రశ్నలేమీ వేయకూడదు. పొరపాటున నొక్కితే మళ్లీ ఒక్క నొక్కుతో కార్డు కిందికి రావాలి. మూడు రోజులుగా దొరకనిది కౌంటర్ మీద తయారుగా ఉంది.

"అమ్మమ్మా, తర్వాతి..." లోపలి గది తలుపు దగ్గర డాక్టరమ్మ ఆగిపోయింది. చంకలో బూడిదరంగు పిల్లి, తెల్లకోటు నిండా దాని బొచ్చు.

అతను ఆమె వైపు తిరిగాడు. "సారీ చెప్పడానికి..."

"ఎక్కడ నొక్కితే వస్తుంది మీ సారీ?"

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అతన్నీ, అతని చేతిలోని కాగితాన్నీ చూసింది. ఒక కనుబొమ్మ లేచింది.

"లోపలికి రండి. ఇవాళ పరీక్ష నేను పెడతాను."

బల్ల మీద పిల్లిని దింపి, అతని అరచేతిలో తెల్లటి మాత్ర పెట్టింది. "ఇది దొరసాని. ఇది మాత్ర. మాత్ర దొరసానిలోకి వెళ్లాలి. మీరు మనసులో ఏమనుకుంటే అది పైకి అనాలి. నేను వెనక కూర్చుంటాను, సాయం చేయను. ముందే చెప్తున్నాను, ఈ తలుపు తెరిచే ఉంటుంది. బయట పదకొండు మంది మనుషులు, మా అమ్మమ్మ. అందరూ వింటారు. ఇష్టమేనా?"

అతను తలుపు వైపు చూశాడు. పదకొండు తలలు చప్పున ఎటో తిరిగాయి.

"ఇష్టమే."

"మొదలుపెట్టండి."

"సరే. పిల్లి. నాలుగు కాళ్లున్నాయి. నాలుగింటికీ గోళ్లున్నాయి. నోరు ముందువైపు ఉంది, ఆ ఏర్పాటు బాగానే ఉంది. కానీ తెరిచే బటన్ కనపడట్లేదు." దొరసాని అతన్ని జాలిగా చూసింది. "ఇలా దవడ పట్టుకోవాలాండీ?"

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనైతే పారిపోతాను." బయట నవ్వులు. "దవడ పట్టుకున్నాను. తెరిచింది! మాత్ర లోపల పెట్టాను. మూసింది. ఇంత సులువా... ఉమ్మేసింది. నా చొక్కా మీదే. మళ్లీ తీశాను. మాత్ర తడిసింది, నేనూ తడిశాను. ఇప్పుడు మనసులో ఏముందంటే, రెండేళ్లుగా జనం నా ముందు ఇలాగే కూర్చున్నారు. ఇంత సిగ్గుగా ఉంటుందని నాకు తెలీదు."

వెనక ఆమె కుర్చీ కిర్రుమంది.

"ఆ టిక్కు నేనే పెట్టాను. తెలిసే పెట్టాను. దానికి సాకేమీ లేదు. సారీ. ఇది చెప్పేద్దామని వచ్చాను, ఇంకొకటి కూడా ఉంది... అమ్మా, దొరసానీ, కదలకే తల్లీ... అది చెప్పాలో వద్దో తెలీట్లేదు."

"చెప్పు నాయనా," అన్నారు బయట ఎవరో, చిలక పంజరం ఉన్నాయన. "మాకేం తొందర్లేదు."

"ఆ రోజు మీరన్న మాట ఆ నలుగురూ విన్నారు. మీకు అవమానం జరిగిందని బాధపడ్డాను. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు. ఆ మాట నేనొక్కణ్నే విని ఉండాల్సింది అని కుళ్లుకున్నాను. రేడియోగాడు విన్నాడు, బాసు విన్నాడు, నా మాటని పంచుకున్నారు. ఇప్పుడు ఒకటే భయంగా ఉంది. ఇకమీదట మీరు నా ఎదుట ఆలోచించి మాట్లాడతారేమోనని. మీరు ఆలోచించకుండా మాట్లాడేదే నాకు కావాలి. పొద్దున్నే కావాలి, సాయంత్రం కూడా... అబ్బా!"

అంతదాకా ఓపిక పట్టిన దొరసాని, ఇక చాలన్నట్టు అతని ముంజేతి మీద నాలుగు గీతలు గీసి బల్ల దిగిపోయింది. మాత్ర నేల మీద దొర్లింది. బయట గది అంతా "అయ్యో" అంది.

ఆమె లేచింది. వంగి ఒక చేత్తో పిల్లిని అందుకుంది, రెండో చేత్తో కొత్త మాత్ర తీసింది. ఏం చేసిందో అతనికి కనపడనే లేదు. దొరసాని గుటక వేసి మూతి నాక్కుంది.

"పరీక్ష తప్పాను కదా," అన్నాడతను.

"తడబడితే తప్పు మీది కాదులెండి. పిల్లిని చేసినవాళ్లది." ఆమె అతని ముంజేయి పట్టుకుని మూలనున్న కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. "పిల్లి గీరితే సబ్బు పెట్టి, పారే నీళ్లలో పావుగంట కడగాలి."

"పావుగంటా?"

"వైద్యశాస్త్రం. నేను పెట్టిన రూలు కాదు."

చేయి కుళాయి కింద పెట్టి సబ్బు రాసింది. మంట పుట్టింది. అతను మంట అనలేదు. ఆమె వేళ్లు మణికట్టు చుట్టూ ఉన్నాయి, నాడి చూస్తున్నట్టు. చూసే ఉంటుంది కూడా. ఎందుకంటే కాసేపటికి, "ఇంత వేగం కుందేళ్లకి ఉంటుంది," అంది.

తర్వాత కాలు చాపి తలుపు నెట్టేసింది. బయట పదకొండు నిట్టూర్పులు వినిపించాయి. కుళాయిని ఇంకొంచెం తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున అతని చెవి దగ్గరగా వచ్చి, ఏమీ ఆలోచించకుండా ఒక మాట అంది. అది అతనికొక్కడికే చెప్పిన మాట కనుక ఇక్కడ రాయడం మర్యాద కాదు. అతని రెండో చేయి ఆ మాటకి సింకు అంచు పట్టుకుందని మాత్రం చెప్పవచ్చు.

ఎంతసేపయిందో ఇద్దరూ చూసుకోలేదు. తలుపు మీద అమ్మమ్మ వేళ్ల కణుపులు టకటకలాడాయి.

"పావుగంటయి పది నిమిషాలైందర్రా! గీరింది చేతి మీదే కదా, ట్యాంకంతా ఖాళీ చేస్తారా?"

"వస్తున్నాం అమ్మమ్మా."

"తొందరేం లేదులే." గొంతు కొంచెం తగ్గింది. "చిలకాయన్ని కూర్చోమన్నాను. అబ్బాయ్, రేపు ఆదివారం, మాకు సెలవు. మీ అమ్మని తీసుకునిరా, మాట్లాడదాం. ఇప్పుడు మాత్రం ఆ చేయి వదలమను దాన్ని. కట్టు కట్టాలంటే ఒక చేయి ఖాళీ ఉండాలి కదా!"

"ఎడంచేత్తో కట్టు కట్టడం నాకొచ్చు," అంది డాక్టరమ్మ, చేయి వదలకుండా.